ఎదురుగాలి వంతు

నా స్కేట్లను మా అమ్మ బియ్యపు డబ్బాలో దాచేది. అలమరలో పెట్టినా, గుడ్డలో చుట్టి అటక మీద పెట్టినా పులికాట్ ఉప్పుగాలి వాటిని వెతుక్కుంటూ వచ్చేది. బేరింగులు తుప్పు పట్టి, చక్రం తిప్పితే కీచుమనేవి. బియ్యంలో అయితే చెమ్మ ఉండదని అమ్మ లెక్క. ఒకసారి నాయన అన్నంలో చిన్న నట్టు వచ్చింది. ఆయన దాన్ని పంటి కింద నుంచి తీసి కంచం అంచున పెట్టి, "నీ బండిదేనా చూడు పాపా" అని మళ్లీ తినడం మొదలుపెట్టాడు. మీ ఇంట్లో ఆటకు ప్రోత్సాహం ఉండేదా అని ఎవరైనా అడిగితే నేను ఈ నట్టు సంగతే చెబుతాను.

మాది దొరవారిసత్రం మండలంలో సరస్సు ఒడ్డున ఒక చేపల ఊరు. జిల్లాలు విడగొట్టినప్పుడు మమ్మల్ని ఎటో కలిపారు కానీ, నేను ఆడిన రోజుల్లో నా చొక్కా మీద నెల్లూరు అనే ఉండేది. నాకు ఇప్పటికీ నెల్లూరే. కాగితం మీద గీత మారితే గాలి మారుతుందా?

మా ఊరి పద్ధతి ఒకటి ముందే చెప్పాలి, లేకపోతే నేను చేసిన తెలివితక్కువ పని మీకు అంతుబట్టదు. మా సరస్సులో ఎవరికి తోచిన చోట వాళ్లు వల కట్టరు. వల కట్టే చోట్లు వంతులవారీగా తిరుగుతాయి. ఆ వంతును మావాళ్లు పాడు అంటారు. ఊరి మగవాళ్లంతా వలలు ఆరేసే ఇసుకలో కూర్చుంటారు. పెద్దాయన ఒక్కొక్క పేరే పిలుస్తాడు. పిలిచినవాడు "ఉండాను" అని లేచి కుండలో చెయ్యి పెట్టి చీటీ తీస్తాడు. చీటీలో ఏ చోటు ఉంటే ఆ చోటు. రొయ్య దండిగా పడే చోట్లు కొన్ని ఉన్నాయి. ఎదురుగాలి తిప్ప అని ఒకటుంది. అక్కడ గాలి గుంజలను పీకి పారేస్తుంది, తాళ్లు చేతులు కోస్తాయి, ఇంతా చేస్తే పట్టు అంతంతమాత్రం. అయినా ఆ చీటీ వచ్చినవాడు మారుమాట లేకుండా పోవలసిందే. గాలి చోటు ఎగ్గొట్టి మంచి చోటు కోసం కాచుక్కూర్చున్నవాడిని మా ఊళ్లో మనిషి కింద జమ కట్టరు, వాడింటికి పిల్లనివ్వడానికి కూడా ఆలోచిస్తారు. నాయనకు ఒళ్లు కాలిపోతున్న రోజున ఆ తిప్ప పడితే, అమ్మ ఎంత మొత్తుకున్నా వినకుండా తలకు తువ్వాలు చుట్టుకుని పోయాడు.

ఈ ధర్మమంతా మగవాళ్లకే. ఆడవాళ్ల పేరు ఆ ఇసుకలో పిలవరు. కొడుకు పెళ్లి చేసుకుంటే వాడి పేరు చేరుతుంది, తండ్రి తర్వాత తండ్రి వంతు కొడుక్కి పోతుంది. మా నాయనకు నేనొక్కదాన్నే. "నీతో మీ ఇంటి పాడు అయిపోయినట్టేలే" అని ఎవరో ఒకరు ప్రతిసారీ అనేవారు, ఏదో పలకరించినట్టు. నాయన నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు. చిన్నప్పటి నుంచీ నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

చదువుకోసం నన్ను గూడూరులో పిన్ని ఇంట్లో పెట్టారు. చిన్నాన్న నిమ్మకాయల మార్కెట్లో పని చేసేవాడు. పొద్దున వేలం అయిపోయి, బస్తాలు లారీలకు ఎక్కాక, మధ్యాహ్నానికి ఆ షెడ్డు కింద నున్నటి సిమెంటు నేల ఖాళీగా మిగిలేది. మా స్కూలు పీఈటీ సారు ఎక్కడి నుంచో పాత స్కేట్లు కొన్ని తెచ్చి, గూడూరులో ఇంతకంటే మంచి నేల లేదని మమ్మల్ని అక్కడికి తోలుకుపోయాడు. ఊడ్చినా నలిగిన నిమ్మకాయలు మూలల్లో మిగిలే ఉండేవి. వాటి మీద చక్రం పడిందా, మనం వెల్లకిలా. మోకాలు చెక్కుకుపోయిన చోట నిమ్మరసం తగిలితే ఎలా ఉంటుందో పగవాళ్లకు కూడా చెప్పను. ఏడుస్తూనే లేచేదాన్ని. లేవడానికి కారణం పట్టుదలా పాడా ఏమీ కాదు, కింద కూర్చుంటే ఇంకా మండుతుంది.

కానీ ఒక వారం గడిచేసరికి కాలు పక్కకు తోస్తే ఒళ్లు ముందుకు జారిపోవడం అనే సుఖం తెలిసింది. అది తెలిశాక నన్ను ఎవరూ ఆపలేకపోయారు. జిల్లా పోటీలు, రాష్ట్రం పోటీలు, తర్వాత దేశం పోటీలు. నాలుగు చక్రాలూ ఒకే వరసలో ఉండే స్కేట్లు వచ్చాయి. సెలవులకు ఊరికి వచ్చినప్పుడు సూళ్లూరుపేట నుంచి సరస్సు మధ్యగా అటకానితిప్ప దాకా పోయే రోడ్డు మీద సాధన చేసేదాన్ని. రెండు పక్కలా నీళ్లు, ఎదురుగా సముద్రపు గాలి. బస్సుల్లో పోయేవాళ్లు తల బయట పెట్టి, "ఏందమ్మే, సర్కస్సా?" అని అరిచేవారు. "టిక్కెట్టు కొనలేదు నువ్వు, లోపలికి పో" అని నేనూ అరిచేదాన్ని.

పతకాలు తెచ్చి నాయనకు చూపిస్తే ఆయన బరువు చూసేవాడు. ఆయన కన్ను మాత్రం వేరే దాని మీద ఉండేది. ఒకసారి టీవీలో మన దేశం జట్టు నీలం చొక్కాలు వేసుకుని నడవడం చూశాడు.

"ఆ చొక్కా నీకెప్పుడిస్తారు పాపా?"

"వంతు వస్తే ఇస్తారులే నాయనా" అన్నాను, ఎగతాళికి.

ఆయన నమ్మేశాడు. దేశంలో కూడా పెద్దమనుషులు కూర్చుని పేర్లు పిలుస్తారని, నా పేరు ఎప్పటికో ఒకప్పటికి వస్తుందని ఆయన మనసులో పడిపోయింది. ఒకరోజు వల బాగుచేస్తూ తల ఎత్తకుండానే అన్నాడు: "ఊరు పిలవకపోతే పోయె. దేశం పిలుస్తాది నిన్ను." ఆ మాట విన్నాక నాకు ఆ చొక్కా తప్ప ఇంకేమీ అక్కర్లేదనిపించింది. ఉద్యోగం గురించి, పెళ్లి గురించి ఎవరేమడిగినా నా లోపల ఉన్నది అదొక్కటే.

ఆ చొక్కాకు నేను బాగా దగ్గరకు వచ్చిన ఏడాదే చీలమండలో నరం తెగింది. మలుపులో ఒక అమ్మాయి స్కేటు నా స్కేటుకు తగులుకుంది, ఇద్దరం పోయి ట్రాక్ అంచున కట్టిన చెక్కలకు గుద్దుకున్నాం. ఆమె లేచింది, నేను లేవలేదు. నెల్లూరులో డాక్టరు గారు నడక వస్తుందమ్మా, పక్కకు తోసే బలం మాత్రం రాదని చెప్పారు. స్కేటింగ్ అంటేనే పక్కకు తోయడం. ఊరికొచ్చి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాను. అమ్మ స్కేట్లను బియ్యంలో నుంచి తీయలేదు. నేను తీయమనలేదు. రోజూ వాటి పక్కన నుంచే బియ్యం కొలిచేది.

అప్పుడు ఫోన్ చేసింది కావలి మేడం. సైకిల్ పోటీలకు శిక్షణ ఇచ్చే మనిషి, నన్ను రాష్ట్రం పోటీల్లో చూసింది. పరామర్శ ఏమీ లేదు. "కాలు పక్కకు తొయ్యలేకపోతే కిందికి తొక్కు. సైకిల్‌కు అంతే కావాల. సోమవారం వస్తుండావా లేదా?" అంది. నిండా మునిగినవాడికి చలేమిటని వెళ్లాను.

స్కేటింగ్ చేసిన తొడలు సైకిల్‌కు పనికొస్తాయని అప్పుడే తెలిసింది. తెలియనిదల్లా గాలి లెక్క. స్కేటింగ్‌లోనూ ఉంది అది, కానీ పందెం కాసేపే. సైకిల్ మీద గంటల తరబడి. ముందు పోయేవాళ్లు గాలిని చీల్చుకుంటూ పోతారు, వెనక చక్రానికి చక్రం ఆనించినట్టు వచ్చేవాళ్లకు గాలి తగలదు, సగం బలం మిగులుతుంది. కాబట్టి వంతులు వేసుకుంటారు. కాసేపు ముందుండి, మోచేయి ఆడించి పక్కకు తప్పుకుంటే వెనకనున్న మనిషి ముందుకు రావాలి. మేడం ఇది బోర్డు మీద గీసి చెబుతుంటే నాకు నవ్వొచ్చింది. ఇది మా ఊరి పాడే కదా. ఇందులో నాకు ఒకళ్లు నేర్పేదేముంది అనుకున్నాను. అక్కడే దెబ్బతిన్నాను.

రెండేళ్లు తొక్కాక దేశం పోటీలో రోడ్డు పందెం వచ్చింది. మొదటి ఇద్దరికి శిబిరంలో చోటు, శిబిరానికి పోతే నీలం చొక్కా. ఊరి పేరు చెప్పను, ఆ ఊరి తప్పేమీ లేదు. నాయన గూడూరులో రైలెక్కి, ఎండు రొయ్యల పొడి డబ్బా సంచిలో పెట్టుకుని, మొదటిసారి నా పందెం చూడటానికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పందెం ముగిసే గీత దగ్గర తాడు పట్టుకుని పొద్దుటి నుంచే నిలబడ్డాడు, పోతే చోటు పోతుందని టీ కూడా తాగలేదు.

పందెం సగం దాటాక నలుగురం గుంపును వదిలి ముందుకు వచ్చేశాం. నేను, ఇంకో ముగ్గురు ఉత్తరాది అమ్మాయిలు. వంతులు వేసుకున్నాం. అంతా సాఫీగానే సాగింది కాసేపు. తర్వాత ఒకమ్మాయి తన వంతు రాగానే తల అడ్డంగా ఊపి, చేతకావడం లేదని గుండె మీద చెయ్యి పెట్టి చూపించింది. పాపం అనుకుని ఆమె వంతు కూడా నేనే తొక్కాను. తర్వాత రెండో ఆమెకు కూడా చేతకాలేదు. మూడో ఆమె వంతు తీసుకున్నట్టే తీసుకుని, నేను ముక్కు చీదుకునేలోగా పక్కకు తప్పుకునేది. పొలాల మీదుగా గాలి అడ్డంగా కొడుతోంది. నాకు ఒళ్లు మండిపోతోంది, నోటికొచ్చిన నెల్లూరు తిట్లన్నీ తిట్టాను. వాళ్లకు అర్థం కాకపోవడం ఒక రకంగా మంచిదే.

చివరి కిలోమీటరు వచ్చింది. మేడం నాకు అన్నం తినిపించినట్టు రోజూ చెప్పిన మాట ఒకటే: చివర్లో ముందుండకు, ఎవరో ఒకరి వెనక దాక్కో, గీత కనపడ్డాక బయటికి దూకు. అప్పుడు నేను ముందున్నాను. మోచేయి ఆడించాను. ఎవరూ రాలేదు. ఇంకోసారి ఆడించాను. ముగ్గురూ నా వెనక చక్రం మీద కళ్లు పెట్టి, కాళ్లు ఊరికే తిప్పుతున్నారు. నేనూ తొక్కడం ఆపేయవచ్చు. ఆపితే పోయేదేమీ లేదు, ఇక ఎవరో ఒకరు ముందుకు రాక తప్పదు. కానీ వంతు మధ్యలో వదిలేయడం అనేది నా కాళ్లకు తెలియదు. వల సగం కట్టి ఒడ్డుకు వచ్చేసినవాడిని నేను పుట్టిన దగ్గర్నుంచీ చూడలేదు. తల వంచుకుని, ఉన్న బలమంతా పెట్టి తొక్కాను. గీత కనపడింది, తాడు దగ్గర నాయన తువ్వాలు కనపడింది. అప్పుడు ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు నా పక్క నుంచి వెళ్లిపోయారు.

నలుగురిలో నాలుగోదాన్ని.

మేడం ఎగిరి గంతేసినంత పని చేసింది, కోపంతో. "గాలికి పోయే కంపను నెత్తికి తగిలించుకోవడం అంటే ఇదేమే! వాళ్లందరినీ నిన్నెవరు లాగమన్నారు?"

"నా వంతు మేడం" అన్నాను.

ఆమె నన్ను చూసింది, ఆకాశాన్ని చూసింది, నా సైకిల్ గోడకు ఆనించి వెళ్లిపోయింది. నాయన సంచి చంకలో పెట్టుకుని దగ్గరకు వచ్చాడు. ఆయనకు పందెం అర్థం కాకపోలేదు, బాగా అర్థమైంది.

"ఆ పిల్లలు వాళ్ల వంతు తీసుకోలేదా?"

"లేదు నాయనా."

"పెద్దమనుషులు ఏమనలేదా?"

"ఇక్కడ అది తప్పు కాదు నాయనా. అదీ ఆటే."

ఆయన సంచి ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకున్నాడు. "తప్పు కాకపోతే మరి వంతులెందుకు పెట్టుకున్నట్టు?" అన్నాడు. గెలిచిన అమ్మాయి అటుగా పోతూ ఆగి, తన సీసాలో మిగిలిన నీళ్లు నాకిచ్చి, నా భుజం నొక్కింది. ఆమెకూ ఎక్కడో ఒక నాయన ఉండే ఉంటాడు. ఆమె మీద కోపం అక్కడితో పోయింది, మిగిలిందంతా ఏడుపే. రైల్లో గూడూరు దాకా ఏడ్చాను. నాయన రొయ్యల పొడి డబ్బా మూత తీసి నా ముందు పెట్టి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ఇంట్లో అన్నం పెడుతూ అమ్మ అంతా విన్నది. నేను వంతు గురించి చెబుతుంటే గరిటె గిన్నెలో పడేసింది.

"ఏ పాడుమే? ఆ పాడులో నీ పేరెప్పుడన్నా పిలిచినారా? నీ ముత్తవ్వను పిలిచినారా, నన్ను పిలిచినారా? పిలవని పాడుకు పోయి ఎదురుగాలి తిప్ప మోసుకొచ్చినావు. నీ చొక్కా ఇంకొకతికి తగిలించి వచ్చినావు."

నాయన చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. ఆయన ముఖం చూడలేకపోయాను. అమ్మ చెప్పింది మా ఇద్దరికీ అని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అమ్మే లేచి నాకు ఇంకాస్త చేపల పులుసు వేసింది.

మరుసటి ఏడు మళ్లీ ఆ పందెమే. చీలమండ నొప్పి మోకాలికి ఎక్కింది, ఇదే ఆఖరని నాకు తెలుసు. ఈసారి ముగ్గురం గుంపును వదిలి ముందుకు వచ్చాం. నా వంతులన్నీ తొక్కాను, ఒక్కటి ఎగ్గొట్టలేదు. చివరికి వచ్చేసరికి మళ్లీ నేనే ముందు. మోచేయి ఆడించాను. ఎవరూ రాలేదు. అమ్మ గరిటె చప్పుడు చెవిలో వినపడింది. కాళ్లు ఆపేశాను. సైకిల్ మెల్లగా అయిపోయింది, వెనకవాళ్లవీ మెల్లగా అయ్యాయి. ముగ్గురం కిందపడతామా అన్నట్టు ఊగుతున్నాం. రోడ్డు పక్కన జనం నవ్వుతున్నారు. నాకు లోపల ఎంత సిగ్గేసిందో మాటల్లో చెప్పలేను, నడివీధిలో బట్టలు లేకుండా నిలబడ్డట్టు ఉంది. అయినా తొక్కలేదు. ఒకమ్మాయికి ఓపిక చచ్చి ముందుకు దూకింది. నేను ఆమె వెనక చక్రానికి ఆనుకుని పోయాను. రెండో స్థానం.

చొక్కా వచ్చింది. అది వేసుకుని ఒక పరాయి దేశంలో ఒక్క పందెం తొక్కాను, గుంపులో గోవిందా అన్నట్టు గుంపుతో పాటు వచ్చాను, అంతే. ఎవరూ నన్ను గమనించలేదు. అయినా గీత దాటాక చొక్కా ముందు అక్షరాల మీద చెయ్యి వేసుకుని చూసుకున్నాను. తడిసి ముద్దయి ఉంది. నా జన్మకు చాలనిపించింది.

ఇంటికి తెస్తే నాయన వేళ్లతో తడిమి చూశాడు. "ఇంత పల్చనా!" అన్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "ఈసారి ఆ పిల్లలు వంతు తీసుకున్నారా?"

"లేదు నాయనా. ఈసారి నేనూ ఆపేసినాను."

తిడతాడనుకున్నాను. "ఒక్కదానివే ఎన్నాళ్లని తోస్తావులే" అని చొక్కా మడతపెట్టి అమ్మకిచ్చాడు. అమ్మ దాన్ని బియ్యపు డబ్బా దగ్గరకు తీసుకుపోయింది, నేను లాక్కోవలసి వచ్చింది.

ఇప్పుడు నేను గూడూరులో పిల్లలకు స్కేటింగ్ నేర్పుతాను, సెలవులకు ఊరికి వస్తాను. నాయన కుడి భుజం పట్టేసింది. గుంజ పాతలేడు, వల లాగలేడు. ఊళ్లోనే ఉన్న నాయన తమ్ముడు, మా చిన్నాయన కొడుకు ఒకడు ఆ వంతు నాకిచ్చేయి పెదనాయనా అని ఇంటి చుట్టూ తిరుగుతున్నాడు. మొన్న చీటీలు తీసే రోజున నాయన, "రా పాపా, తోడు రా" అన్నాడు. నడవడానికి చెయ్యి పట్టుకోవాలేమో అనుకున్నాను. ఇసుకలో మగవాళ్లంతా కూర్చున్నారు. ఆడవాళ్లు ఎప్పటిలాగే అవతల గంపల దగ్గర నిలబడ్డారు, అమ్మ కూడా అక్కడే ఉంది. నాయన నన్ను తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. ఒకరిద్దరు చూశారు, మొహమాటానికి ఏమీ అనలేదు.

పెద్దాయన నాయన పేరు పిలిచాడు. నాయన పలకలేదు. వినపడలేదేమోనని ఆయన మళ్లీ గట్టిగా పిలిచాడు. నాయన ఇసుక చూస్తున్నాడు. నా వైపు కూడా చూడలేదు. అప్పుడు అర్థమైంది నాకు. మోచేయి ఆడించేశాడు ఆయన. రావలసింది నేనే.

"ఉండాను" అని లేచాను.

గుసగుసలు లేచాయి. "ఇదేందయ్యా, ఆడపిల్ల?" అన్నారు ఎవరో. చిన్నాయన కొడుకు లేచి నిలబడ్డాడు. నాయన తల ఎత్తాడు.

"నా పేరు పిలిచినారు. నా ఇంట్లో నుంచి పలికినారు. దేశం పిలిచినప్పుడు పలికింది ఈ బిడ్డే. మీకింకేం కావాల?"

పెద్దాయన గడ్డం గోక్కున్నాడు. ఔననలేదు, కాదనలేదు. కుండను కాలితో కాస్త నా వైపు జరిపాడు. చెయ్యి పెట్టి చీటీ తీశాను. విప్పి, చదివి, నవ్వాగక అక్కడే కూలబడ్డాను. ఎదురుగాలి తిప్ప. ఇసుకంతా నవ్వింది, చిన్నాయన కొడుకు కూడా. అందరికంటే గట్టిగా గంపల దగ్గర నుంచి అమ్మ నవ్వు వినపడింది. "దానికి గాలి తప్పదులే!" అని అరుస్తూ కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది.

మర్నాడు తెల్లవారుతూనే పడవ తీశాం. గుంజలు ఎలా పాతాలో చూపించడానికి నాయన వస్తానన్నాడు. పడవ తోసే గెడ నేను పట్టుకున్నాను. తిప్ప దగ్గరయ్యేకొద్దీ గాలి ముఖం మీద చరిచింది, నాయన భుజం పట్టుకుని ముడుచుకున్నాడు.

"నా వెనక్కి రా నాయనా, గాలి తగలదు" అన్నాను.

ఆయన సరేనని నా వీపు చాటుకు జరిగి కూర్చున్నాడు.